నాన్న పిస్తోలు, అర మిల్లీమీటరు

లైసెన్సు నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్లయిపోతారు.

మా నాన్న వరంగల్ మార్కెట్లో పత్తి అడ్తి వ్యాపారం చేసేవాడు. సీజనులో నగదు సంచీతో రాత్రిపూట హనుమకొండకు రావాలి కాబట్టి 1983లో లైసెన్సు తీసుకుని, మరో లైసెన్సుదారు దగ్గర పాత పిస్తోలు కొన్నాడు. బెల్జియం ఎఫ్‌.ఎన్‌. కంపెనీ 1910 మోడల్. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా ఆయన రూపకల్పన. మ్యాగజీనులో 7 తూటాలు పడతాయి. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చింది ఈ మోడల్‌తోనేనని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. ఆయన మాత్రం నలభై ఏళ్లలో వంద తూటాలు కూడా కాల్చి ఉండడు. ఏటా దసరాకు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, మళ్లీ బీరువాలో పెట్టేవాడు. ఈ పసుపు కుంకుమల సంగతి తర్వాత చెబుతాను.

రెండేళ్ల క్రితం నాన్న పోయాడు. వారం తిరగకుండానే పిస్తోలును ఠాణాలో అప్పగించి రసీదు తీసుకున్నాను. తర్వాత నా పేరు మీద దరఖాస్తు. వారసుల పత్రం, ఇద్దరు చెల్లెళ్ల నిరభ్యంతర పత్రాలు, డాక్టరు సర్టిఫికెట్టు, ఆయుధం జాగ్రత్తగా వాడడంలో శిక్షణ పత్రం, ఠాణా విచారణ, అన్నీ సాఫీగానే జరిగాయి. చిరునామా దగ్గర కాస్త తంటా. ఇల్లు కదలలేదు గాని జిల్లా పేరు మారుతూ వచ్చింది: మొదట వరంగల్, 2016లో వరంగల్ అర్బన్, 2021లో హనుమకొండ. ఒక అఫిడవిట్‌తో అదీ తీరింది. ఒక్క మాట మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల పేరున తుపాకీ ఉన్నవాళ్లకు చెప్పాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, బతికుండగానే వారసుడి పేర లైసెన్సు అడగవచ్చు. ఆ మాట నేను ముందే ఎత్తితే నాన్న చావు కోరుకుంటున్నానని చుట్టాలు అనుకుంటారని ఊరుకున్నాను. ఆ మొహమాటానికి వడ్డీతో సహా కట్టాను.

వడ్డీ వసూలు చేసినవాడు లైసెన్సులిచ్చే కార్యాలయంలోని గుమస్తా. ఆఫీసు పేరు రాయను, గుమస్తా పేరు అసలే రాయను. ఠాణాలో పిస్తోలు తీసుకున్నప్పుడు కానిస్టేబులు బుద్ధిగా దాని మీద కనిపించినదంతా పంచనామాలో ఎక్కించాడు. బ్యారెల్ మీద 7.65 మిల్లీమీటర్లని చెక్కి ఉంది. నాన్న లైసెన్సు పుస్తకంలో '.32 బోరు' అని ఉంది. బోరన్నా క్యాలిబరన్నా గొట్టం సైజే. గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎప్పుడు మార్పించారు?"

"ఏమిటి సార్ మార్పించడం?"

"క్యాలిబర్."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన ఆగలేదు. క్యాలిక్యులేటర్ లాక్కుని, అంగుళానికి 25.4 చొప్పున .32 ను గుణించి, 8.128 చూపిస్తున్న దాన్ని నా వైపు తిప్పాడు. "ఉండాల్సింది ఎనిమిది పైన. ఉన్నది ఏడున్నర పైన. అర మిల్లీమీటరు ఎక్కడికి పోయింది సార్?" గొంతు తగ్గించి అడిగితే బాగుండేది. నా వెనుక కూర్చున్న గ్రానైటు వ్యాపారి ఒకాయన మెల్లగా ఒక కుర్చీ అవతలికి జరిగాడు.

చెప్పాను. రెండూ ఒకే తూటాకు రెండు పేర్లని, దాన్నీ ఆ బ్రౌనింగే చేశాడని, అమెరికావాళ్లు .32 అంటే యూరప్ వాళ్లు 7.65 అన్నారని, ఈ పిస్తోలు యూరప్‌లో తయారైంది కాబట్టి వాళ్ల పేరే చెక్కారని. అక్కడితో ఆపాల్సింది. నాకు తెలిసిందంతా చెప్పాలనే జబ్బు నాన్న దగ్గర నుంచే వచ్చింది. "అసలు గుండు మందం 7.9 మిల్లీమీటర్లు. అంటే మీ లెక్కకూ సరిపోదు, బ్యారెల్ మీద అంకెకూ సరిపోదు. ఇవి కొలతలు కావు సార్, పేర్లు. .38 స్పెషల్ రివాల్వరు గుండు కూడా నిజానికి .357 అంగుళమే" అన్నాను.

"అయితే .38 లైసెన్సులున్నవాళ్లందరివీ తప్పుడు లైసెన్సులంటారా?" అంటూ ఏదో రాసుకున్నాడు.

బోరుబావికి వేసే రెండంగుళాల పైపును టేపుతో కొలిచి చూడండి, పైన 60 మిల్లీమీటర్లు వస్తుంది, రెండంగుళాలంటే 51 కూడా లేదు, అదీ పేరే కదా అన్నాను. "పైపుకు లైసెన్సు అక్కర్లేదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత నాలుగు సార్లు తిప్పాడు. మొదటిసారి, క్యాలిబర్ మార్చలేదని అఫిడవిట్ అడిగాడు. ఇచ్చాను. రెండోసారి, "మీరు మార్చలేదు సరే, మీ నాన్నగారు మార్పించి ఉంటే?" అన్నాడు. అది కొన్ననాటికి నేను నాలుగో తరగతి. మూడోసారి సెలవు. నాలుగోసారి, 2019 సవరణ తర్వాత ఒక రకం ఆయుధాన్ని అనుమతి లేకుండా మరో రకంగా మార్చడం కూడా నేరమేనని చట్టం ఆరో సెక్షను చదివి వినిపించాడు. చట్టం నిజమే, కానీ చదివింది తప్పు మనిషికి. యాభై దాటిన వయసులో, నలుగురిలో, దొంగ తుపాకులు చేసేవాడిలా తల వంచుకుని విన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. పిస్తోలును ప్రభుత్వానికే వదిలేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న దాన్ని ఎవరికీ ఇవ్వలేదు బిడ్డా" అంది. తొంభైల్లో ఊళ్లకు దళాలు వచ్చి ఇళ్లల్లోని తుపాకులు పట్టుకుపోయే రోజుల్లో కూడా నాన్న దీన్ని పట్నంలో దాచి కాపాడుకున్నాడు.

చివరికి పై అధికారి ఒకరు ఫైలు చూసి, సాయుధ విభాగంలో ఆయుధాలు మరమ్మతు చేసే ఆర్మరర్ అభిప్రాయం తీసుకోమన్నారు. ఆ పని మొదటి రోజే చేయవచ్చు.

ఆర్మరర్ రిటైర్మెంటుకు దగ్గరపడిన హెడ్ కానిస్టేబులు. పిస్తోలు చేతిలోకి తీసుకుని మ్యాగజీను తీసి, పైన వెనక్కి జరిగే స్లైడు లాగి ఖాళీగా ఉందని చూసుకున్నాకే నా వైపు చూశాడు. పని వచ్చినవాడి చెయ్యి చూడగానే తెలుస్తుంది. "పాత తూటాల డబ్బా ఏమైనా ఉందా సార్ ఇంట్లో?" అన్నాడు. ఉంది. నాన్న కాగితం ముక్క పారేసేవాడు కాదు, రసీదులన్నీ ఆ ఖాళీ అట్టడబ్బాలోనే పెట్టేవాడు. చెక్ దేశపు డబ్బా. దాని మీద '7.65 బ్రౌనింగ్' అని, పక్కనే '.32 ఆటో' అని అచ్చువేసి ఉంది. నాలుగు నెలల గొడవకు జవాబు మా అమ్మ బీరువాలో ఉంది! ఆర్మరర్ రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు.

అక్కడితో అయిపోతే తలెత్తుకుని వచ్చేవాణ్ణి. జనవరి పొద్దున, చలిలో, పనిచేస్తుందో లేదో చూడడానికి కాల్చాడు. మొదటిది పేలింది. పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పోకుండా స్లైడుకూ బ్యారెలుకూ మధ్య నిలువుగా ఇరుక్కుంది. తీసి మళ్లీ కాల్చాడు, మళ్లీ అంతే. విప్పి చూస్తే లోపల ఎర్రటి ముద్ద. గోటితో గీకి వాసన చూసి, "తలకు రాసే నూనె తుపాకీకి రాశారా సార్?" అన్నాడు.

రాశాను. ఠాణాలో ఇచ్చే ముందు తుప్పు పట్టకూడదని కొబ్బరినూనె పోశాను. 24 డిగ్రీల కిందికి దిగితే అది గడ్డకడుతుందని ప్రతి చలికాలం సీసాను ఎండలో పెట్టే నాకు తెలియదా? నలభై దసరాల కుంకుమ దానికి తోడైంది.

ఆయన నవ్వుతూనే చెప్పాడు. ఈ చిన్న పిస్తోళ్లలో కాల్చేటప్పుడు స్లైడును బిగించి ఉంచే గొళ్లెమేమీ ఉండదు. స్లైడు బరువు, బ్యారెల్ చుట్టూ ఉన్న స్ప్రింగు బలం, ఈ రెండే తూటా తోపును ఆపాలి. జిడ్డు పేరుకుంటే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది. స్ప్రింగు నీరసపడితే స్లైడు వెనక్కి దూకుడుగా వెళ్లి చట్రానికి కొట్టుకుంటుంది, ఏళ్లు గడిస్తే చట్రమే దెబ్బతింటుంది. మ్యాగజీను నింపి పెట్టేసేవారు నాన్న, అందుకే పాడైందా అని అడిగాను. నొక్కి ఉంచినందుకు కాదు, మళ్లీ మళ్లీ నొక్కి వదిలినందుకే స్ప్రింగు ఎక్కువ అలిసిపోతుందన్నాడు. ఇందులో మ్యాగజీను బాగానే ఉంది, దాని పెదవులు వంగలేదు. బ్యారెల్ లోపలి చాళ్లు పదునుగానే ఉన్నాయి. పెద్ద స్ప్రింగు మాత్రం మార్చుకోమన్నాడు. కడిగి, తుడిచి, రెండు చుక్కల తుపాకీ నూనె వేసి మళ్లీ కాల్చాడు. ఏడింటికి ఏడూ పేలాయి.

స్ప్రింగు కోసం హైదరాబాదులో లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి వెళ్లాను, ఉత్త చేతులతోనే, అడిగి రావడానికి. మా చిన్న బావ లేత్ షాపులో చేయించేద్దాం అన్నాడు గాని, ఆయన సలహాతో మేము కొన్న ట్రాక్టరు ఇంకా షెడ్డులోనే ఉంది. దుకాణంలో కుర్రవాడు మోడల్ పేరు విని ఉత్సాహంగా ముందుకు వంగాడు. "1910 కదా సార్, కంపెనీవాళ్లు దీన్ని రెండు క్యాలిబర్లలో చేశారు, తేడా బ్యారెల్ ఒక్కటే. ఆ బ్యారెల్ ఎక్కడైనా దొరికితే తొమ్మిది మిల్లీమీటర్లు చేసుకోవచ్చు. పెద్ద తూటా, పెద్ద దెబ్బ" అన్నాడు. కంపెనీ సంగతి నిజమే. సరయేవోలో పేలిందీ ఆ తొమ్మిది మిల్లీమీటర్ల పొట్టి తూటానే. కానీ నాలుగు నెలలు నేను తలవంచుకుని విన్న ఆరో సెక్షను నా చెవుల్లో ఇంకా మోగుతోంది. చేయని మార్పిడికి దోషిలా నిలబడి వచ్చినవాడికి, అదే మార్పిడి చేసుకోమని నవ్వుతూ చెబుతున్నాడు! స్ప్రింగు సంగతి కూడా అడగకుండా లేచి వచ్చేశాను. మరో దుకాణం చూసుకోవాలి.

నిన్న గుమస్తానే స్వయంగా పుస్తకం ఇచ్చాడు. '.32 బోరు (7.65 మి.మీ.)' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. "ఇప్పుడు క్లియర్‌గా ఉంది చూడండి సార్" అన్నాడు, ఏదో తానే కనిపెట్టినట్టు. థాంక్స్ చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది.

ఇంటికి రాగానే అమ్మ పుస్తకం వైపు చూడలేదు. "డబ్బా తెచ్చావా?" అంది. అది ఫైల్లో ఉంది, రంధ్రం చేసి దారంతో కుట్టేశారు.