బండి తాళం గొడవ

పోయిన శనివారం రాత్రి మా రూము మెట్ల మీద ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లోళ్లు తాగి కొట్టుకున్నారు, కారణం ఏంటంటే బండి తాళం ఎవరి దగ్గర ఉండాలని. ఒకడికి నుదురు పగిలింది. తెల్లారి ఇద్దరికీ ఏమీ గుర్తులేదు, కలిసి ఇడ్లీ తినడానికి పోయారు!

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. అలిపిరిలో తనిఖీ చేసి చుక్క కూడా కొండపైకి పోనివ్వరు, అదే కింద మా వీధి చివర మీసం రాని పిల్లోడు సీసా అడిగినా వయసెంత అని అడిగే నాథుడు లేడు. ముందు సరిచేయాల్సింది ఆ కౌంటర్‌ని, హాస్టల్లో ఉపన్యాసాలు తర్వాత.

ఇంకోటి, వీళ్లని ముంచేది తాగే వేగం. కాలేయం గంటకు సుమారు ఒక చిన్న పెగ్గునే అరగించుకోగలదు, వీళ్లేమో పందెం వేసుకుని గంటలో ఐదారు లాగించేసి, పైన ఒక కాఫీ తాగితే దిగిపోతుందనుకుంటారు. దిగదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటి బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. పక్క రూము వాడికి ఇది చెబితే "చెకింగ్ లేని రోడ్లు నాకు తెలుసులేన్నా" అన్నాడు.

ఇప్పుడు శనివారం సాయంత్రం నుంచి వాడి తాళం నా దగ్గరే. తిట్టుకుంటూనే ఇస్తాడనుకోండి.