గండిపేట నుంచి గడ్డి మడుల దాకా

మా తమ్ముడు విజయవాడ నుంచి ఎప్పుడొచ్చినా ముందు హాల్లో కిటికీ తెరుస్తాడు. ఒక నిమిషం ఆగి మళ్లీ మూసేస్తాడు. హైదరాబాద్ చైతన్యపురిలో మా అపార్ట్‌మెంట్ నుంచి మూసీ నది దాకా నడిచే పోవచ్చు. పొద్దుగూకాక గాలి అటునుంచి తిరిగిందంటే కుళ్లిన కోడిగుడ్డు కంపు. మా ఆవిడ వెండి కుందులకు పళ్లపొడి పెట్టి మెరిసేలా తోముతుంది. రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ నల్లగా అయిపోతాయి. వెండిలో కల్తీ ఉందేమోనని ఒకసారి షాపుకి తీసుకెళ్లింది. "వెండి మంచిదేనమ్మా, మీరెక్కడుంటారు?" అని అడిగాడట అతను.

మొన్న చలికాలంలో వచ్చినప్పుడు కిటికీ మూసి వచ్చి కూర్చుని, "అన్నా, ఈ మూసీని పైనుంచి కింది దాంక ఒక్కసారి సూసొద్దాం పా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా బెజవాడలో ఉద్యోగం, అక్కడే పెళ్లి, అక్కడే ఇల్లు. అయినా నాతో మాట్లాడితే వాడికి మేం పెరిగిన గౌలిగూడ భాషే వస్తుంది. పైన అంటే అసలు మూసీ పుట్టే అనంతగిరి కొండలు. మా మోకాళ్లకి, మా యాక్టివాకి అంత దూరం కుదరదు. గండిపేట చెరువు నుంచి మొదలుపెడదాం అనుకున్నాం. నాకు 63, వాడికి 59. స్వెటర్లు తొడుక్కుని పొద్దున్నే బండి మీద బయల్దేరుతుంటే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు, ఎవరికైనా సీరియస్‌గా ఉందేమోనని.

మెహదీపట్నం, లంగర్‌హౌజ్, నార్సింగి దాటాం. నార్సింగి దాటాక తమ్ముడు మాట్లాడటం మానేసి తల పైకెత్తి చూడటం మొదలుపెట్టాడు. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికిన వేలం వాళ్ల ఊళ్లో కూడా చాలా రోజులు చర్చకొచ్చిందట. నలభై యాభై అంతస్తుల టవర్లు, వాటి మీద క్రేన్లు. మా చిన్నప్పుడు ఈ దారిలో గుండ్రాళ్లు, సీతాఫలం చెట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. టవర్ల మీద నాకేమీ కోపం లేదు, మా పెద్దమ్మాయి ఉద్యోగం అలాంటి దాంట్లోనే. కానీ గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. ఎందుకు తెచ్చారో, ఎందుకు తీసేశారో రెండూ ఆ రోడ్డు మీద నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతాయి.

కట్ట మీదికి వచ్చేసరికి ఎండ పడింది. చెరువులో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇంత మంచి నీళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. 1920లో కట్టడం పూర్తయింది. అప్పటి నిజాం పేరు మీద దాని అసలు పేరు ఉస్మాన్‌సాగర్, కానీ సిటీలో ఎవరైనా గండిపేటే అంటారు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోడని మా నాయన రోజుకోసారి అనేవాడు. తమ్ముడు విడిచి పోయాడు కాబట్టి వాడికి సరిగ్గా తాగించలేదని అమ్మని దెప్పేవాడు.

ఆ నీళ్లు కట్ట దగ్గర్నుంచి రాతి కాలువలో, మోటారు అవసరం లేకుండా, వాటంతట అవే పారుకుంటూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి. అక్కణ్నుంచి మా గౌలిగూడ నల్లాకి. ఇత్తడి బిందె మూతికి పంచె గుడ్డ కట్టి పట్టేది అమ్మ. ఆ నీళ్లలో కందిపప్పు రెండు పొంగులకే ఉడికేదని, బావి నీళ్లయితే మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సిందేనని ఆవిడ లెక్క. ఫిల్టర్ అనే మాట మా ఇంట్లో కాఫీకి తప్ప వాడలేదు.

కట్ట దగ్గర చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. తమ్ముడు గ్లాసు ఎత్తి, "గండిపేట నీళ్లు!" అని కళ్లు మూసుకుని తాగాడు. హోటల్ కుర్రాడు పక్కనే నిలబడి, "క్యాన్ వాటర్ సార్, మంచిదే" అన్నాడు. వాడు మమ్మల్ని భరోసాగా ఉంచుదామనే అన్నాడు పాపం. ఇరవై లీటర్ల నీలం క్యాను, చెరువుకి రెండొందల గజాల దూరంలో.

గేట్ల కింద మూసీ ఒక పిల్లకాలువ. బండల మధ్య నుంచి సన్నగా, తేటగా పోతోంది. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. తమ్ముడు ఫోటోలు తీసి ఇంటికి పంపాడు. "ఇది మూసీనా?" అని మరదలు నుంచి మెసేజ్. మూసీయే. ఇంకో పది కిలోమీటర్లు మాత్రమే.

ఆ పది కిలోమీటర్లలో ఏం జరుగుతుందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కో కాలనీ నుంచి ఒక్కో మురుగు నాలా వచ్చి కలుస్తుంది. లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర హిమాయత్‌సాగర్ నుంచి వచ్చే ఈసీ, గండిపేట నుంచి వచ్చే మూసీ కలుస్తాయి. 1948లో గాంధీ అస్థికలు కలిపిన చోటది. సంగమం అనగానే చేతులు జోడించడం అలవాటు కదా, తమ్ముడు జోడించాడు, ఆ చేతులతోనే ముక్కు మూసుకున్నాడు.

పురానాపూల్ మీద బండి ఆపడానికి చోటు దొరకడానికే పావుగంట పట్టింది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన. అంటే చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. రాకుమారుడు భాగమతి కోసం వరదలో గుర్రం దూకించాడని, అందుకే తండ్రి వంతెన కట్టించాడని గైడ్లు చెప్పే కథ చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. నాకు ఆ కథ కంటే వంతెనే ఇష్టం. ఇప్పుడు దాని మీద కూరగాయల మార్కెట్. కొత్తిమీర కట్టలు, మెంతికూర, టమాటాలు. కింద నీళ్లు తారు రంగులో ఉన్నాయి. "కట్ట పదిరుపయలు, లేలో చాచా" అంటున్న ముసలాయన్ని తమ్ముడు, వాసన రాదా అని ఉర్దూలో అడిగాడు. ఆయన అర్థం కానట్టు చూశాడు. అర్థం కాక కాదు, ఆయనకి ఆ వాసన రావడం లేదు, అంతే.

అక్కణ్నుంచి హైకోర్టు, ఆ ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి. నేను అసలు ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కోసం. 1908 సెప్టెంబర్ 28. కుండపోత వానకి పైన చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి మూసీ ఊరి మీద పడింది. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. నూట యాభై మంది మాత్రం ఈ చెట్టెక్కి బతికారు. చుట్టూ ఇళ్లు, మనుషులు, పశువులు కొట్టుకుపోతుంటే కొమ్మల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. ఏటా సెప్టెంబర్ 28న కొంతమంది ఈ చెట్టు కిందికి వచ్చి అప్పుడు పోయినవాళ్లని తలుచుకుంటారు.

నేను పదేళ్ల వయసులో నాయన చెయ్యి పట్టుకుని మొదటిసారి వచ్చాను. నూట యాభై మంది ఎలా పడతారా అని కొమ్మలు లెక్కపెట్టాను. ఇప్పుడూ లెక్కపెట్టాను, ఈసారీ లెక్క కుదరలేదు. మాను మీద బెరడు పలకలు పలకలుగా పగిలి ఉంది. ఒక పగులులో ఎవరో అగరొత్తి గుచ్చారు, సగం కాలి ఆరిపోయింది. చెట్టు నీడలో ఒకావిడ టిఫిన్ డబ్బా విప్పి ఎవరో పేషెంట్ కోసం పెరుగన్నం కలుపుతోంది. ఆవిడకి ఈ చెట్టు కథ తెలుసో లేదో. చెట్టు ఇంకా చిగుళ్లేస్తోంది. దాని ఎదుట వందేళ్ల నాటి గుమ్మటాల భవనం మాత్రం 2020 జూలైలో వార్డుల్లోకి వాన నీళ్లొచ్చాక ఖాళీ చేశారు. గుమ్మటాల సందుల్లోంచి రావి మొక్కలు.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నీళ్లని పైనే ఆపాలని ఆయన చెబితే గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆయన అంతటితో ఆగలేదు. ఊరికి భూగర్భ డ్రైనేజీ ఉండాలని, నది ఒడ్లు తోటలుగా మారాలని, జనం సాయంత్రాలు అక్కడికి షికారు రావాలని కూడా చెప్పాడు. ఇంజనీరు లెక్కల మధ్య షికారు మాట రాసిన ఆ మనిషి మీద నాకు గౌరవం. నా చిన్నప్పటికి ఆ తోటల్లో కొన్ని మిగిలాయి. నది మాత్రం అప్పటికే పన్నీరేమీ కాదు, అది ఒప్పుకోవాలి. కాకపోతే చాదర్‌ఘాట్ కింద చాకలివాళ్లు దుప్పట్లు ఆరేసేవారు, ఎండాకాలం ఎండిన ఇసుకలో మేం క్రికెట్ ఆడేవాళ్లం. బంతి నీళ్లలో పడితే దిగి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు బంతి పడితే కొత్త బంతి కొనుక్కోవాల్సిందే.

గౌలిగూడలో మా పాత ఇల్లు చూడలేదు. తమ్ముడు అడిగాడు, నేనే వద్దన్నాను. బస్టాండు వైపు మాత్రం వెళ్లాం. నాయన అక్కడే బుకింగ్ క్లర్కు. 1932లో నిజాం రోడ్డు రవాణా సంస్థ 27 బస్సులతో మొదలైంది, ఆ కాలం నాటి పెద్ద రేకుల హ్యాంగర్ ఆ బస్టాండు. సగం పీపాని బోర్లించినట్టు ఉండేది. వాన పడితే లోపల మాటలు వినపడేవి కావు, నాయన టికెట్ తీసుకునేవాళ్ల పెదాలు చూసి ఊరి పేరు పట్టేసేవాడు. 2018 జూలైలో అది కూలిపోయింది. ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. నాయన పోయి అప్పటికి పదకొండేళ్లు, అయినా ఆ రోజు తమ్ముడికి ఫోన్ చేస్తే ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బస్టాండు దాని పక్కనే ఇమ్లీబన్‌కి మారి చాలా ఏళ్లయింది. ఇమ్లీబన్ అంటేనే చింతతోపు. నది మధ్య లంక మీద కట్టారు దాన్ని. 2025 సెప్టెంబర్ చివర్లో పైన రెండు చెరువుల గేట్లు ఎత్తితే బస్టాండులోకి నీళ్లొచ్చి ప్రయాణికులు ఇరుక్కుపోయారు. టీవీలో యాంకర్ "మూసీ ఉగ్రరూపం" అని అరుస్తుంటే మా ఆవిడ, "దాని ఇంట్లో మనం కూసుంటే దానికి కోపం రాదా?" అంది.

మూసారాంబాగ్, అంబర్‌పేట తొందరగా దాటేశాం. అంబర్‌పేటలో మురుగు శుద్ధి చేసే పెద్ద ప్లాంటు ఉంది, రోజుకి 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం. తమ్ముడు ఆ అంకె విని, "మరి ఇంత పెద్దది పెట్టుకొని గీ కంపు ఏందన్నా?" అన్నాడు. ప్లాంటు దాకా వెళ్లిన నీళ్లనే అది శుద్ధి చేస్తుంది. నాలాల్లో కలిపేసినవి దాని మొహం కూడా చూడవు. ఇది నాకెలా తెలుసంటే, మా అపార్ట్‌మెంట్‌దీ అదే కథ. ఫ్లాట్ కొన్నప్పుడు కబోర్డులు చూశాం, వాస్తు చూశాం, డ్రైనేజీ ఎక్కడికి పోతుందని ఒక్కరం అడగలేదు. బిల్డర్ దాన్ని వాన నీళ్ల నాలాలోకి వదిలాడని ఐదారేళ్లకి బయటపడింది. మెయిన్ లైనుకి కలపాలంటే ఫ్లాటుకి పన్నెండు వేలు అవుతుందన్నారు. మీటింగులో ఎక్కువమంది వచ్చే ఏడు చూద్దామన్నారు. నేనూ చెయ్యెత్తాను. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు.

ఇది తమ్ముడికి చెప్పలేదు అప్పటిదాకా. నాగోలు వంతెన మీద, కింద తెల్లటి నురగ బండలు బండలుగా తేలిపోతుంటే చెప్పాను. వాడు ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

పీర్జాదిగూడ దాటాక నది ఒడ్డంతా పచ్చగడ్డి. నడుమెత్తు గడ్డి, ఎంత దూరం చూసినా. సిటీలో గేదెలకి పోయే మేత ఇదే. ఒకావిడ మోకాళ్ల దాకా ఆ నీళ్లలో నిలబడి కొడవలితో కోస్తోంది. ఒడ్డుకి వచ్చి మోపు దించాక కాళ్లు చూశాను. చర్మం పొలుసులుగా లేచి, అక్కడక్కడా ఎర్రగా ఉంది. దురద పెట్టదా అని అడిగితే, "పెడతది. రాత్రి కొబ్బరినూనె రాస్కుంట" అంది. మళ్లీ తనే, "ఎండకాలం అందరి బోర్లు ఎండుతయి సార్, ఇది ఎండదు. ఏడాదంత కోతనే" అంది. నిజమే. మేం క్రికెట్ ఆడిన నది వేసవిలో ఎండేది. ఇప్పుడు మనం వదిలే నీళ్లతో పన్నెండు నెలలూ పారుతోంది.

"మీదేడ సార్?" అంది.

"చైతన్యపురి."

"గట్లయితే మీ నీళ్లే," అని నవ్వి మోపు కట్టుకుంటూ పోయింది.

తిరుగు దారిలో తమ్ముడే లెక్క మొదలుపెట్టాడు. మా చైతన్యపురికి వచ్చేది కృష్ణా నీళ్లు, నాగార్జునసాగర్ నుంచి. వాటిని తాగి, వాడి, మూసీలోకి వదులుతాం. మూసీ సూర్యాపేట దగ్గర ప్రాజెక్టు దాటుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సాగర్ డ్యాముకి దిగువన. అక్కణ్నుంచి పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. "అంటే మీరు పైన పట్టుకుంటరు, మాకు కింద ఇడుస్తరు" అన్నాడు. దారిలో నల్గొండ పొలాలున్నాయి, అన్ని మైళ్లు పోయేసరికి కాస్త తేరుకుంటాయిలే అన్నాను. నా గొంతు నాకే ఆ అసోసియేషన్ మీటింగులో మాట్లాడినట్టు వినిపించింది.

రాత్రి ఎల్బీనగర్‌లో వాడిని బస్సెక్కించడానికి వెళ్లాను. మా ఆవిడ పులిహోర పొట్లం, స్టీలు సీసాతో నీళ్లు ఇచ్చింది. వాడు సీసా మూత తీసి చూశాడు.

"ఇవి ఏ నీళ్లు?"

"కృష్ణవే."

"మావి మాకే ఇచ్చి పంపుతున్నవా అన్నా," అని సీసా బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాడు.