ముందు గది ఇంకా కొట్టుగానే ఉంది

ఇంటి పన్ను నోటీసు వస్తే నేను చూసేవి రెండే: ఎంత కట్టాలి, ఏ తేదీలోగా కట్టాలి. కట్టేసి రసీదు ఫైల్లో పెట్టి మరిచిపోవడమే. ఇల్లు కొన్నాక రెండేళ్లు అలాగే గడిచాయి. మూడో ఏడు పక్కింటి బాబాయ్ గారు గేటు దగ్గర కనిపించి, "మీకెంత వచ్చిందమ్మా?" అని అడిగారు. అడక్కపోతే ఈసారీ నోరు మూసుకుని కట్టేసేవాళ్లం.

మా రెండిళ్లూ ఒకే మేస్త్రీ ఒకే ప్లానుతో ఒకే ఏడాదిలో కట్టినవి. ఆయన నోటీసులో ఉన్నదానికి మాది దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. ఇద్దరం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాం కానీ, ఆ తేడా ఎక్కడిదో ఆ పూట అర్థం కాలేదు.

నా అనుమానం ముందుగా విస్తీర్ణం మీదకు పోయింది. టేపు తీసుకుని, ఒక కొస మా అమ్మాయికిచ్చి, గదులూ మధ్య గోడలూ కలిపి ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచాను. పొడవు 38 అడుగులు, వెడల్పు 28. అంటే 1,064 చదరపు అడుగులు. నోటీసులో 1,165 అని ఉంది. లేని 101 అడుగులకు మా చేత డబ్బు కట్టిస్తున్నారని ఒళ్లు మండింది. బాబాయ్ గారి కాగితంలోనూ అదే 1,165 ఉందన్న సంగతి ఆ కోపంలో తట్టనే లేదు. ఆ రాత్రే కూర్చుని అభ్యంతరం రాశాను.

మర్నాడు పన్ను ఆఫీసులో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నా కాగితం పూర్తిగా చదివి ఒకే మాట అడిగింది. "లోపల కొలిచారా మేడమ్, బయట కొలిచారా?"

మా బయటి గోడలు తొమ్మిది అంగుళాలు. రెండు పక్కలా కలిపితే అడుగున్నర. 38 కాస్తా 39న్నర, 28 కాస్తా 29న్నర. గుణిస్తే 1,165 పైన పావు అడుగు. నోటీసులో ఉన్నది ప్లింత్ ఏరియా, అంటే గోడల మందంతో సహా బయటి కొలత. నేను కొలిచింది కార్పెట్ ఏరియాకు దగ్గరగా ఉండే లోపలి కొలత. మీ దగ్గర పన్ను ఏ కొలత మీద వేస్తారో ముందు అడిగి తెలుసుకోండి, ఆ తర్వాతే టేపు తీయండి. నా ఒక రోజంతా దీనికే పోయింది.

బయటి నుంచి కొలిచే పద్ధతికి ఒక సౌలభ్యం ఉంది, ఎవరి ఇంట్లోకీ అడుగు పెట్టక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లండులో 1662లో ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను అన్నారు. పొయ్యిలు లెక్కపెట్టాలంటే వసూలుదార్లు ఇళ్లలోకి రావాలి. జనానికి అదంటే ఒళ్లుమంట. 1689లో దాన్ని ఎత్తేశారు. 1696లో కిటికీల పన్ను తెచ్చారు, వీధిలో నిలబడే లెక్కపెట్టుకోవచ్చు కదా. పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలకు ఇటుకలు పేర్చి మూసేశారు. గాలీ వెలుతురూ లేని ఆ ఇళ్లలో బతుకులు ఈడ్చారు. ఆ పన్ను 1851 దాకా పోలేదు. దేన్ని కొలిచి పన్ను వేస్తారన్న దాని మీద మనుషుల ఆరోగ్యమే ఆధారపడింది. ఈ సంగతి చదివినప్పటి నుంచి నోటీసులో ప్రతి గడినీ శ్రద్ధగా చూస్తున్నాను.

అలా చూడగా దొరికింది అసలు సంగతి. "వినియోగం" అన్న గడిలో నివాసం 975, వాణిజ్యం 190 అని ఉంది.

మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్లు వీధివైపు గదిని దర్జీకి అద్దెకిచ్చారు. దానికి షట్టరు ఉండేది. మేం చేరకముందే షట్టరు తీయించి గోడ కట్టించి కిటికీ పెట్టించాం. ఇప్పుడది మా అమ్మాయి చదువుకునే గది. ఆఫీసు లెక్కల్లో మాత్రం దర్జీ కొట్టు ఇంకా నడుస్తూనే ఉంది. మా ఊరి పన్ను రేట్ల పట్టికలో వాణిజ్యానికి రేటు నివాసానికి నాలుగు రెట్లు. అంటే ఆ 190 అడుగుల గదికి 760 అడుగుల ఇంటికి పడేంత పన్ను పడుతోంది. 975కి 760 కలిపితే 1,735. దాన్ని 1,165తో భాగిస్తే దాదాపు ఒకటిన్నర. గేటు దగ్గర మాకు అంతు చిక్కని తేడా అదే.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ఇల్లు మారిందని మేం చెప్పలేదు, చెప్పనిదే వాళ్లకు తెలియదు. యజమాని పేరు మార్పించుకున్నాం కదా, అన్నీ మారిపోయి ఉంటాయనుకున్నాం. పేరు మార్పు వేరు, వినియోగం మార్పు వేరు.

ఇంటి పన్ను చాలాచోట్ల రెండు సంఖ్యల గుణకారం. ఒకటి ఇంటికి కట్టిన విలువ, రెండోది రేటు. ఆ విలువను కొన్నిచోట్ల వచ్చే అద్దెను అంచనా వేసి కడతారు, కొన్నిచోట్ల అమ్మితే పలికే ధరను బట్టి, ఇంకొన్నిచోట్ల విస్తీర్ణాన్నీ ప్రాంతాన్నీ కట్టడం తీరునూ బట్టి. రేటు అందరికీ కలిపి పెట్టేది, మనం ఒక్కళ్లం వెళ్లి మార్చగలిగేది కాదు. విలువ వెనకున్న వివరాలు మాత్రం మన ఒక్క ఇంటివి. విస్తీర్ణం, వినియోగం, కట్టిన ఏడాది, పైకప్పు రకం, సొంతానికా అద్దెకా అన్నది. వాటిలో తప్పుంటే మనమే పట్టుకోవాలి.

"ఇళ్ల ధరలు రెట్టింపయ్యాయి, పన్నూ రెట్టింపవుతుంది" అని భయపడేవాళ్లను చాలామందిని చూశాను. ఒకే రేటు ఏళ్ల తరబడి నడిచే చోట ఆ భయం నిజమే. కానీ కొన్నిచోట్ల ఏడాదికి ఎంత వసూలు కావాలో ముందు తేల్చుకుని, దాన్ని ఇళ్లన్నిటికీ వాటి విలువ మేరకు పంచుతారు. అక్కడ ఊళ్లో ఇళ్లన్నీ ఒక్కసారే రెట్టింపైతే ఎవరి వాటాలోనూ మార్పుండదు. మీ ఒక్క ఇంటి విలువే పెరిగితే మీ వాటా పెరుగుతుంది. విలువ ఏనాటిదన్నదీ చూడాలి. ఇంగ్లండులో కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్నుకి ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి విలువే ఆధారం. ఆ తర్వాత కట్టిన ఇంటికీ, అప్పుడు ఉండి ఉంటే ఎంత పలికేదో లెక్కవేస్తారు.

పక్కింటితో పోల్చడం మంచిదే, కానీ తేడా ఉన్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు తెచ్చుకున్న సవరణ ప్రకారం మూల రేటు 1 శాతానికి మించకూడదు, లెక్కలోకి తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. ఇల్లు చేతులు మారితే మాత్రం మళ్లీ అప్పటి ధరకే విలువ కడతారు. అందుకే అక్కడ అచ్చం ఒకేలా ఉన్న రెండిళ్లలో, నిన్న కొన్నవాళ్లు ముప్పై ఏళ్ల కిందట కొన్నవాళ్ల కంటే ఎన్నో రెట్లు కట్టడం మామూలే. నాకది న్యాయంగా అనిపించదు. అయినా ఆ తేడా చట్టం పెట్టినది, గుమస్తా చేసిన పొరపాటు కాదు. కాబట్టి పోల్చాల్సింది మొత్తాన్ని కాదు, గడికి గడిని.

రెండో అభ్యంతరం నేను ఒక్క పేజీలో రాశాను. పన్ను ఎక్కువైందని ఎక్కడా అనలేదు. ముందు గదిని నివాసంగా వాడుతున్నాం, ఫలానా నెల నుంచి, ఇవీ ఆధారాలు. అంతే. షట్టరు ఉన్నప్పటి ఫొటో, కిటికీ పెట్టాక ఫొటో, ఇంటికంతా ఒకే గృహ కనెక్షన్ అని చూపించే కరెంటు బిల్లు జత చేశాను. గడువు తేదీ నోటీసు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. అది దాటితే ఎంత నిజమైనా ఆ ఏటికి వినరు. పరిష్కారమయ్యేదాకా పన్ను ఆపేయవచ్చా అని కూడా అడిగాను. ఆపొద్దని, ఆపితే వడ్డీ పడుతుందని, ఎక్కువ కట్టింది తర్వాత సర్దుతామని చెప్పారు. కట్టేశాను.

మూడు వారాలకు ఒకాయన వచ్చారు. గదిలోకి తొంగి చూశారు. గోడకు అంటించిన లెక్కల పట్టికలూ కిటికీ కింద బల్లా చూసి, రెండు ఫొటోలు తీసుకుని, పది నిమిషాల్లో వెళ్లిపోయారు. సవరించిన నోటీసులో 1,165 అడుగులూ నివాసం. ఈ ఏడు ఎక్కువ కట్టింది వచ్చే ఏటికి జమ చేశారు. మొదటి రెండేళ్లది మాత్రం రాలేదు. అభ్యంతరం చెప్పాల్సిన గడువులు ఎప్పుడో దాటిపోయాయి. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇల్లు కొనబోయేవాళ్లు అమ్మేవాళ్ల పన్ను కాగితం చివరిదొక్కటైనా అడిగి తీసుకోండి. చాలాచోట్ల పాత బకాయి మనిషితో పోదు, ఇంటితోనే ఉండిపోతుంది. వినియోగం గడి కూడా అప్పుడే చూసుకోండి. సొంతంగా ఉంటే తగ్గింపు, వయసు మళ్లినవాళ్లకు తగ్గింపు, పాత కట్టడానికి తరుగు లాంటివి మీ దగ్గర ఉన్నాయేమో కనుక్కోండి. వాటిలో చాలావరకు దరఖాస్తు పెట్టుకుంటేనే వస్తాయి.

సవరించిన నోటీసు చూపించడానికి బాబాయ్ గారింటికి వెళ్లాను. ఆయన చాలా సంతోషించారు. తన కాగితం మళ్లీ తెచ్చి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడి మీదా వేలు పెట్టి చదివారు. కట్టిన ఏడాది దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ ఖాళీగా ఉంది. నాది తీసి చూశాను. నాదీ ఖాళీయే. ఇంటి ప్లాను పాత పెట్టెలో ఉండాలి, దాని మీద తేదీ ఉంటుందని ఆయన లోపలికి వెళ్లారు.