ఫైర్‌వాల్ హైలో పెట్టాక కూడా చూడాల్సినవి

"వదినా, రౌటర్లో ఫైర్‌వాల్ హై అని పెట్టేశాను, ఇంక టెన్షన్ లేదు కదా?" అని కూర్మన్నపాలెం నుంచి మా మరిది ఫోన్. ఫోన్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను నెట్‌వర్క్ ఇంజనీర్ని కాను. మర్రిపాలెంలో ఇంట్లోనే కూర్చుని గాజువాక షాపుల వాళ్లకి లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఊళ్లో వాళ్ల అమ్మకాలు, కొనుగోళ్లు అన్నీ నా లాప్‌టాప్‌లో ఉంటాయి. అందుకే హాల్లో ఉన్న ఫైబర్ పెట్టె మీద ఓ కన్నేసి ఉంచుతాను.

హై, మీడియం, లో అన్న మాటలకి అన్ని పెట్టెల్లోనూ ఒకే అర్థం ఉండదు. మా దాంట్లో హై పెడితే బయటికి వెళ్లేవి కూడా ఆగిపోయాయి. మా ఆయనకి ఇంటి నుంచి రుషికొండ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ కలవక నా మీద విసుక్కున్నారు. మీడియంకి దించాక అంతా సర్దుకుంది. ఇంటి రౌటర్లో ఫైర్‌వాల్ చేసే అసలు పని ఒక్కటే. లోపల నుంచి మనం అడిగినదానికి జవాబు వస్తే రానిస్తుంది, అడక్కుండా వచ్చినదాన్ని ఆపేస్తుంది. ఆ పని మీడియంలోనూ జరుగుతుంది. మనం చూసుకోవాల్సింది లెవెల్ కాదు, ఆ ఆపడానికి ఎక్కడెక్కడ మినహాయింపులు ఇచ్చి ఉన్నాయో అది. వీధి తలుపుకి రెండు తాళాలేసి పెరటి తలుపు తీసి ఉంచితే ఏం లాభం?

పెట్టె వెనక స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్, మాది 192.168.1.1, బ్రౌజర్లో కొట్టాలి. స్టిక్కర్ మీదున్న యూజర్ పేరుతో వెళ్తే వైఫై పేరు, పాస్‌వర్డ్ తప్ప ఏమీ కనబడలేదు. నెట్ కుర్రాణ్ణి అడిగితే "అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకూడదు మేడం" అన్నాడు. "అయితే నువ్వే తెరిచి చూపించు బాబూ" అన్నాను. చూపించాడు, టీ తాగాడు.

డీఎంజెడ్ అన్న గడిలో టిక్ ఉంది, పక్కన మా సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) అడ్రస్. కెమెరాలు బిగించినతను పెట్టిన టిక్ అది. ఫోన్ యాప్‌లో కెమెరాలు కనబడాలంటే ఇలాగే ఉండాలని చెప్పి వెళ్లాడు. డీఎంజెడ్ అంటే బయట నుంచి ఏ పోర్టు (నంబరు వేసిన ద్వారం లాంటిది) మీద ఏమొచ్చినా నేరుగా ఆ డీవీఆర్‌కే పంపెయ్ అని అర్థం. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్లు, కెమెరాలు, రౌటర్లనే వెతికి పట్టుకుంది. ఆ అక్టోబరు 21న అలా చిక్కినవాటిని డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ (సైట్ల పేర్లకి అడ్రస్‌లు వెతికిచ్చేది) మీదికి ఉసిగొల్పితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు.

టిక్ తీసేశాం. యాప్ తెరిస్తే కెమెరాలు ఎప్పట్లాగే కనబడ్డాయి! డీవీఆర్ తనంతట తనే తయారీ కంపెనీ సర్వర్‌కి వెళ్లి కలుస్తుంది, యాప్ కూడా అక్కడికే వెళ్తుంది. ఇన్నాళ్లూ ఆ టిక్ ఒరగబెట్టిందేమీ లేదు. పైగా స్టేటస్ పేజీలో మా వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మా పెట్టెకి ఇచ్చిన అడ్రస్, 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉండే అడ్రస్‌లు సీజీ-నాట్‌వి, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని నెట్ కంపెనీ చాలా ఇళ్లకి పంచుతుంది. బయటివాడు ఆ దారిన మా ఇంటి దాకా రాలేడు. మధ్యలో ఎప్పుడైనా స్టాటిక్ ఐపీ, అంటే మాకొక్కళ్లకే ఇచ్చే మారని పబ్లిక్ అడ్రస్, తీసుకుని ఉంటే మాత్రం ఆ టిక్ అప్పుడు పనిచేసేది, డీవీఆర్ బజార్లో పడేది.

ఈ ధీమా ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్‌ల దగ్గర చెల్లదు. అందులో ప్రతి ఫోనుకీ, ప్రింటర్‌కీ 2తో మొదలయ్యే సొంత పబ్లిక్ అడ్రస్ వస్తుంది. నాట్ (ఒకే అడ్రస్‌ని పంచే ఆ ఏర్పాటు) అడ్డం ఉండదు, కాపాడేది ఫైర్‌వాల్ ఒక్కటే. మా పెట్టెలో దానికి గడి వేరే పేజీలో ఉంది, ఆఫ్‌లో ఉంది. నిజంగా అంత ప్రమాదమా అని చూద్దామని ప్రింటర్ ఐపీవీ6 అడ్రస్ రాసుకుని, ఫోన్లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద, ఆ అడ్రస్‌ని చదరపు బ్రాకెట్లలో పెట్టి కొట్టాను. మా ప్రింటర్ పేజీ వచ్చేసింది. నల్ల ఇంకు ఎంతుందో కూడా చూపిస్తోంది, పాస్‌వర్డ్ అడగలేదు. ఆ గడి ఆన్ చేసి మళ్లీ కొడితే తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. హై, మీడియం అని పేజీలో పెద్దగా రాసినవాళ్లు దీన్ని అంత మూల ఎందుకు దాస్తారో నాకు అర్థం కాదు.

మిగతావి చకచకా అయిపోయాయి. యూపీఎన్‌పీ ఆఫ్, ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే లోపలున్న ఏ పరికరమైనా మనల్ని అడక్కుండా పోర్టు తెరిపించుకోగలదు. పిల్లల గేములు పేచీ పెడితే ఆ ఒక్క పోర్టే చేత్తో తెరవడం నయం. బయట నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ ఆఫ్. టీఆర్-069 అని ఒకటి కనబడుతుంది, అది నెట్ కంపెనీ వాళ్లు పెట్టెని దూరం నుంచి చూసుకునేది. దాని జోలికి నేను పోలేదు.

ఇంకొకటి. గాలివానకి వైరు తెగి, వచ్చిన కుర్రాడు పెట్టెని రీసెట్ చేసినా, కొత్తది పెట్టినా ఇవన్నీ మొదటికొస్తాయి. అందుకే ప్రతి పేజీకీ ఫొటో తీసి ఉంచుకున్నాను. పెట్టె మారిన రోజున ముందు ప్రింటర్‌కి వచ్చిన కొత్త అడ్రస్ చూసి, మొబైల్ డేటా మీద కొట్టి చూస్తాను. పేజీ రాకపోతే మిగతావి తీరిగ్గా సరిచేసుకోవచ్చు.