స్ట్రాస్‌బర్గ్‌లో బంక తెగులు

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వెళ్లినవాళ్లు ముందు కెథెడ్రల్ చూస్తారు. నేను రైలు దిగి ట్రామెక్కి యూనివర్సిటీ స్టాప్‌లో దిగాను. అక్టోబరు వాన. గొడుగు రైల్లోనే వదిలేశాను. బొటానికల్ గార్డెన్‌కి చేరేసరికి తడిసి ముద్దయ్యాను.

మాది నల్లగొండ దగ్గర బత్తాయి తోట. చెట్టు మొదట్లో బెరడు పగిలి జిగురు కారితే నాన్న బంక తెగులని బెరడు చెక్కి బోర్డో పేస్టు పూసేవాడు. ఆ తెగులు తెచ్చేది ఫైటాఫ్తొరా అనే బూజులాంటి సూక్ష్మజీవి. గ్రీకులో మొక్కల్ని నాశనం చేసేదని అర్థం. 1876లో ఆ పేరు పెట్టినాయన జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ. ఈ ఊరు జర్మనీ చేతిలో ఉన్నప్పుడు, 1872లో ఇక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చాడు. 1884లో ఈ తోట తెరిచింది ఆయన హయాంలోనే.

ఆయన పేరుతో పన్నెండు పలకల అద్దాల గది ఒకటుంది. లోపల అడుగు పెట్టగానే వేడికి కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుంటూ నిలబడితే బంగాళాదుంపలు గుర్తొచ్చాయి. 1845 నుంచి ఐర్లాండ్‌లో ఆ పంట కుళ్లిపోయి పది లక్షల మంది దాకా చచ్చిపోయారు. అక్కడ పంటని కుళ్లబెట్టిందీ ఒక రకం ఫైటాఫ్తొరాయే. కుళ్లినదానికే బూజు పడుతుందని అప్పట్లో చాలామంది పండితుల నమ్మకం. డి బారీ ఆ బూజు బీజాల్ని మంచి ఆకు మీద వేసి మైక్రోస్కోపు కింద చూశాడు. తడి తగలగానే వాటిలోంచి ఈదే బీజాలు బయటికొచ్చాయి, మొలిచి ఆకులోకి దూరాయి. బూజు పట్టాకే కుళ్లుతుందని 1861లో తేల్చాడు. చెట్ల మొదట్లో వాన నీళ్లు నిలిస్తే నాన్నకి అంత టెన్షన్ ఎందుకో అప్పుడర్థమైంది.

బయట ఒక చెట్టు బెరడు మీద బూడిదరంగు లైకెన్. మన బిర్యానీలో వేసే రాతిపువ్వు ఈ జాతిదే. శిలీంధ్రం, నాచు కలిసి చేసే కాపురం అది. వేర్వేరు జీవులు ఇలా కలిసి బతకడాన్ని సింబయాసిస్ అన్నదీ ఈయనే. నాకైతే తెగులు కథే దగ్గరిది.

నాన్నకి వీడియో కాల్ చేసి అద్దాల గది చూపించాను.

"గాయన బంక తెగులుకు మందేమన్న కనిపెట్టిండా?"

"ఆయన కాదు నాన్నా, ఆయన దగ్గర చదువుకున్న మిలార్డే. ద్రాక్షకి బూజు తెగులొస్తే 1885లో మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టమన్నాడు. మన బోర్డో మందు అదే."

"మరి గా మందుల కత్తి ముంచి చూసుడు? రాగి అంటితే సున్నం తక్కువైనట్టు. గది ఎవరు చెప్పిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. వాన మళ్లీ మొదలైంది.