పదకొండో నంబరు వాళ్ళమ్మ

రాత్రి పదకొండు దాటింది. బేస్‌మెంట్‌లో ఫ్యాను తిరుగుతోంది, బుడ్డోడి ఐస్ హాకీ సామాను ఆరడానికి. ఆ వాసన గురించి ఇదివరకే రెండుసార్లు ఏడ్చాను కాబట్టి ఇవాళ వదిలేస్తున్నా. మా ఆయన నిద్రపోతున్నారు. హాయిగా, గురక పెడుతూ. అదే నా కడుపుమంట.

పొద్దున ఏడుంబావుకి ఆట. బయట మైనస్ పంతొమ్మిది, కెనడా చలి కదా. రింకు (మంచు మైదానం) తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టానో లేదో, టీమ్ మేనేజరమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు నాకు తెలుసు. గడియారం దగ్గర కూర్చోవాల్సిన ఆరో నంబరు జెర్సీ పిల్లాడి నాన్నకి జ్వరమట. "రెండు మీటలే కదా, నువ్వు చూసుకో" అంది. కాదనడం నాకు రాదని మీకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

రెండు మీటలే, నిజమే. రిఫరీ ఈల ఊదగానే గడియారం ఆపాలి, పక్ (ఆ నల్ల రబ్బరు బిళ్ళ) మంచు మీద పడగానే మళ్ళీ వదలాలి. గోల్ పడితే అంకె మార్చాలి, షీటు మీద ఎవరు కొట్టారో ఎవరు అందించారో రాయాలి. ఎవడైనా తప్పు చేసి పెనాల్టీ బాక్సులోకి వస్తే వాడి నంబరూ, రెండు నిమిషాలూ ఎక్కించాలి. ఆ గాజు గూటిలో కుడిపక్క మన నేరస్థులు, ఎడమపక్క వాళ్ళ నేరస్థులు, మధ్యలో జైలరులా నేను.

రెండో పీరియడ్‌లో బుడ్డోడు గోల్ కొట్టాడు. ఈ సీజన్లో వాడికిదే మొదటిది. వాడి నంబరు, పదకొండు, అని నా చేత్తో నేనే రాశాను, కొంచెం వంకరగా వచ్చింది. నిజానికి ఈ టపా దాని గురించే రాద్దామని కూర్చున్నాను.

మూడో పీరియడ్ ఆఖర్లో, ఇంకా నాలుగు నిమిషాలుండగా, మూడు మూడు మీద ఉంది ఆట. అవతలి జట్టు పిల్లాడొకడు మావాడెవడినో కర్రతో కాలు పట్టి పడేశాడు. లోపలికొచ్చి కూలబడి ఏడుపు మొదలుపెట్టాడు. పదకొండేళ్ళుంటాయేమో. నోట్లో పెట్టుకునే గార్డు హెల్మెట్ జాలీకి వేలాడుతోంది, దాని మీదనుంచి చొంగ కారుతోంది, గ్లవ్స్ తియ్యకుండానే ముక్కు తుడుచుకోవాలని చూస్తున్నాడు. మధ్య తలుపు తీసి టిష్యూ ఇచ్చాను. ఆ ఇచ్చే లోపల పక్ పడింది. నేను మీట నొక్కలేదు.

అంతే. గాజు మీద గుద్దులు. బయటి మాటలు లోపలికి సరిగా వినపడవు, నోళ్ళు మాత్రం కనిపిస్తాయి. "క్లాక్! క్లాక్!" మా వైపు నాన్నల గుంపు మొత్తం చేతులు గాల్లో తిప్పుతోంది. ఆ చేతుల్లో నేను చలికాలం మొదట్లో కొన్న నీలం గ్లవ్స్ ఒక జత. మా ఆయన!

ఇంట్లో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి కూడా పావుగంట మొహమాటపడే మనిషి. పెళ్ళైన పదహారేళ్ళలో నా మీద గొంతెత్తింది లేదు. పైగా పిల్లాడి రిజిస్ట్రేషన్‌కి ముందు ఇంటికొక్కరు తప్పకుండా చెయ్యాలన్న 'రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్' కోర్సు చేసింది ఈయనే, నేను కాదు. ఆన్‌లైన్లో కూర్చుని, వీడియోలన్నీ చూసి, పిల్లల మీదా రిఫరీల మీదా అరవకూడదని సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు. ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు.

రిఫరీ పిల్ల స్కేట్ చేసుకుంటూ నా గూటి దగ్గరికొచ్చింది. చేతికి పచ్చ పట్టీ. మా దగ్గర పద్దెనిమిదేళ్ళు నిండని రిఫరీలకి ఆ పట్టీ కడతారు, వీళ్ళు పిల్లలు, గుర్తుంచుకుని నోరు జారండి అని. "పన్నెండు సెకన్లు తీసేద్దామా?" అంది మెల్లగా, నేనేదో పెద్ద తప్పు చెయ్యనట్టే. తీసేశాం. ఆట మూడు మూడుతోనే ముగిసింది. ఆ పన్నెండు సెకన్ల వల్ల భూమ్మీద ఎవరికీ ఏమీ కాలేదు.

కార్లో అడిగాను. "అందరూ అరిచారు, నేనూ అరిచాను. నీ మీద కాదు, క్లాక్ మీద" అన్నారు. క్లాక్‌కి చెవులున్నాయా అన్నాను. బుడ్డోడు వెనక సీట్లోంచి "అమ్మా, నా గోల్ చూశావా?" అన్నాడు. చూశాన్రా నాన్నా, రాశాను కూడా.

ఇంటికొచ్చి పప్పు పోపు పెడుతున్నా గానీ మనసు ఇక్కడ లేదు. కొత్తపేట దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో, హైస్కూలు గ్రౌండ్‌లో ఉంది. సంక్రాంతి కబడ్డీ పోటీలు. నాన్న డ్రిల్లు మాస్టారు కాబట్టి పండక్కి అత్తారింటికి వెళ్ళినా ఈల మెళ్ళో వేసుకోక తప్పేది కాదు. సున్నంతో గీసిన గీతలు, చుట్టూ తాడు, తాడు మీద వాలిపోతూ జనం. మొదటి బహుమతి స్టీలు బిందె, వెయ్యిన్నూటపదహార్లు. ఫైనల్లో అమ్మమ్మగారి ఊరి కుర్రాడొకడు కూతకి వెళ్ళి ముగ్గుర్ని తాకి గీత మీదకి దూకాడు. నాన్న ఈల వేశారు. గీత తాకకముందే కూత తెగిందన్నారు.

కూత తెగిందా లేదా అన్నది వీడియోలో చూసి చెప్పేది కాదు కదా. ఆయన చెవి, ఆయన మాట. గ్రౌండంతా ఒక్కసారి లేచింది. నేను అమ్మ కొంగు పట్టుకుని ఆడవాళ్ళ వైపు నిలబడి ఉన్నాను. అంత గోలలోనూ ఒక్క గొంతు విడిగా వినబడింది. "బావకి చెవుడొచ్చిందిరోయ్!" చిన్న మావయ్య. జనం విరగబడి నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడటం అంత దూరంనుంచీ కనబడింది నాకు. అమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి మాత్రం నలిగిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న, మావయ్య పక్కపక్క పీటల మీదే కూర్చున్నారు. పనసపొట్టు కూర. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి నాన్నే అన్నారు, "నిజంగానే తెగిందిరా." మావయ్య తల ఎత్తకుండా మజ్జిగ కలుపుకుంటూ, "తెగిందని నాకూ తెలుసు బావా. మా ఊరోళ్ళ మధ్య కూర్చుని ఆ మాట అనగలనా?" అన్నాడు. నాన్న నవ్వేశారు. అమ్మ నవ్వలేదు. ఉగాది దాకా తమ్ముడితో మాట్లాడలేదు. మజ్జిగ తనే పోసింది గానీ, గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకింకా గుర్తుంది.

ఇక్కడి దాకా రాశాక చల్లారాను కాస్త. పైన రాసినదాంట్లో సగం కొట్టేద్దామా అనిపిస్తోంది.

ఎందుకంటే రింకులో స్టాండ్స్ ఎలా ఉంటాయో నేను చెప్పలేదు. ఒకవైపు మనవాళ్ళు, ఒకవైపు వాళ్ళవాళ్ళు. పైన వేలాడే హీటర్ల కింద దుప్పట్లు కప్పుకుని అమ్మలు, తాతయ్యలు. అందరికీ దూరంగా, చివర ఒక్కతే నిలబడేది గోలీ (గోల్‌కీపర్) తల్లి. పడిన ప్రతి గోలూ ఆవిడ కొడుకు ఖాతాలోకే పోతుంది మరి, పక్కన ఎవరున్నా నరకమే. గాజు మూలన, కూర్చోకుండా నిలబడే ఉండే నాన్నల గుంపు. చేతుల్లో టిమ్ హార్టన్స్ కాఫీ కప్పులు. (ఆ కొట్టు పెట్టినాయన టొరంటో లీఫ్స్ హాకీ జట్టు ఆటగాడే, 1967లో స్టాన్లీ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత లీఫ్స్‌కి మళ్ళీ కప్పు దక్కలేదు, జనానికి ఈ కాగితం కప్పులే మిగిలాయి.) అక్కడ ఎవరూ పేరు అడగరు. "మీవాడు ఏ నంబరు?" అంతే. నాలుగేళ్ళుగా నేను పదకొండో నంబరు వాళ్ళమ్మని. ఫలానావారి కోడలు అని పిలిపించుకోవడానికి ఇష్టంలేక దేశం దాటి వచ్చానని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని లెండి.

మొదటి రెండేళ్ళూ ఈయన పై వరసలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవారు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలీదు, ఐసింగ్ అంటే కేకు మీదిది. పంజాబీ వాళ్ళకి 2008లోనే వాళ్ళ భాషలో కామెంటరీ మొదలైంది, వాళ్ళ తాతలు కూడా లైన్ ఛేంజ్ (ఆట మధ్యలో ఆటగాళ్ళని మార్చడం) గురించి వాదిస్తారు. మనకా భాగ్యం లేదు. శనివారం రాత్రుళ్ళు 'హాకీ నైట్ ఇన్ కెనడా' చూసి, రూల్సు కాగితం మీద రాసుకుని, బుడ్డోడి చేత అప్పజెప్పించుకుని నేర్చుకున్నారు పాపం. పోయినేడాది ఓ రోజు మెట్లు దిగి గాజు మూలకి వెళ్ళి నిలబడ్డారు. ఒక తెల్లాయన ఏమీ మాట్లాడకుండా అరడుగు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆ అరడుగు గురించి ఈయన ఆ వారమంతా చెప్పారు.

అంటే ఆ కేక నా మీద కాదేమో. ఆ అరడుగు చోటుకి కట్టిన అద్దేమో. మావయ్య కట్టినట్టే.

ఇలా అనుకుని లాప్‌టాప్ మూసేసి పడుకుందామని లేచాను కూడా. అప్పుడు ఆ పచ్చ పట్టీ పిల్ల గుర్తొచ్చింది. ఆట అయ్యాక పిల్లలు వరసలో చేతులు కలిపి వెళ్ళిపోయాక, జాంబోనీ బండి బయటికొచ్చి మంచు కడగడం మొదలుపెడుతుంటే, ఆ పిల్ల ఒక్కతే గేటు దగ్గర నిలబడి హెల్మెట్ తీసింది. జడ తడిసిపోయి ఉంది. మా గుంపులోంచి ఒకాయన వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయితో ఏదో అన్నాడు. ఏమన్నాడో వినబడలేదు. ఆ పిల్ల మొహం కనబడింది. మా ఆయన ఆయన పక్కనే నడుస్తున్నారు, కాఫీ తాగుతూ.

ఓసారి టొరంటో డౌన్‌టౌన్‌లో స్కోషియాబ్యాంక్ అరీనాకి పెద్దవాళ్ళ ఆట చూడ్డానికి వెళ్ళాం. అక్కడ గ్లవ్స్ విసిరేసి ఇద్దరు కొట్టుకుంటే వేలమంది లేచి నిలబడి ఈలలేశారు. లైన్స్‌మెన్ (రిఫరీకి సాయంగా ఉండేవాళ్ళు) చేతులు కట్టుకుని చూశారు, వాళ్ళు అలిసి కిందపడ్డాక విడదీశారు, చెరో ఐదు నిమిషాలు బాక్సులో కూర్చోబెట్టారు. అక్కడ రిఫరీని వెయ్యి బూతులు తిట్టినా నాకేమీ అనిపించలేదు. జీతాలు తీసుకునే పెద్దవాళ్ళు. ఇక్కడ ఆ పిల్లకి ఒక్కో ఆటకీ దక్కేది చేతిఖర్చు డబ్బులు. నాన్నకైతే అదీ లేదు, ఒక శాలువా.

సరే, ఒక పని చేశాను. ఇందాకే మేనేజరమ్మకి మెసేజ్ పెట్టాను, వచ్చే ఆదివారం గడియారం దగ్గర పదకొండో నంబరు వాళ్ళ నాన్న కూర్చుంటారని. ఈ టైమ్‌లో కూడా వెంటనే బొటనవేలు బొమ్మ వచ్చింది, ఆవిడా నిద్రపోనట్టుంది. ఈయనకి ఇంకా చెప్పలేదు. పొద్దున చెప్తాను, కాఫీ ఇచ్చాక.

నేనెక్కడ నిలబడాలన్నదే తేలడం లేదు. గాజు మూల దగ్గరా, గోలీ తల్లి పక్కనా.