తాతయ్య పేరు ఏ రిజిస్టర్లో దొరికిందంటే

మా నాన్నగారి నాన్న 1942లో జైలుకెళ్ళారు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కానీ, రుజువుగా చూపించడానికి కాగితం ముక్క లేదు. 1972లో కేంద్రం సమరయోధులకు పింఛను మొదలుపెట్టి, తామ్రపత్రాలు ఇచ్చినప్పుడు ఆయన దరఖాస్తు పెట్టుకోలేదు. "కూలి కోసం పోయానా నేను?" అన్నారట. ఆ మాట మీదే చివరిదాకా ఉన్నారు. ఇప్పుడు కాగితం కావాలని పట్టుబట్టింది మా మేనత్త. ఎనభై దాటిన మనిషి. "నిజంగా స్వాతంత్ర్యం కోసమే వెళ్ళాడా మీ నాన్న?" అని ఊళ్ళో ఎవరో అన్నారని ఆవిడ బాధ. ఆ బాధ నాకూ తగిలింది.

ఆయనది తెనాలి కేసు. క్విట్ ఇండియా అని పిలుపిచ్చిన గాంధీజీని బొంబాయిలో ఆగస్టు 9న పట్టుకెళ్ళారు. 12న తెనాలిలో హర్తాళ్. జనం రైల్వేస్టేషన్ మీదికి వెళ్ళి నిప్పు పెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. ఇప్పుడు రణరంగ చౌక్ అంటున్నది వాళ్ళ గుర్తుగానే. తాతయ్య ఆ గుంపులో ఉన్నారు. తుపాకీ గుండు తప్పించుకున్నారు కానీ, కొన్నాళ్ళకు పోలీసులు ఊళ్ళోకొచ్చి పట్టుకెళ్ళారు. కౌలు రైతు, సంతకం పెట్టడం వరకే చదువు.

ముందు ఇంట్లో కూర్చునే మొదలుపెట్టాను. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో అప్పటి హోమ్ శాఖ పొలిటికల్ ఫైళ్ళు చాలా ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వం పదిహేను రోజులకోసారి ఢిల్లీకి పంపిన రిపోర్టులూ ఉన్నాయి. రాత్రుళ్ళు కూర్చుని చదివాను. కాంగ్రెస్ నాయకుడు కళా వెంకటరావు గారి పేరుతో, ఉద్యమం ఎలా నడపాలో చెబుతూ వెళ్ళిన ఆంధ్ర సర్క్యులర్ మీద తెల్లదొరలు ఎంత కంగారుపడ్డారో వాటిలో కనిపిస్తుంది. నాయకుల పేర్లుంటాయి, వాళ్ళ ప్రసంగాలుంటాయి. స్టేషన్ దగ్గర నిలబడ్డ మామూలు మనిషి మాత్రం "గుంపు" అన్న ఒక్క మాటలో కలిసిపోయాడు.

తర్వాత ఆయన మొదట ఉన్న జైలుకు సమాచార హక్కు చట్టం కింద రాశాను. 1942 రాజకీయ ఖైదీల రిజిస్టరు నకలు కావాలని అడిగితే, గడువు ఆఖర్లో ఒక్క లైను జవాబు వచ్చింది: అలాంటి రిజిస్టరు మా దగ్గర లేదు. అత్తయ్యకి ఆ లైను చదివి వినిపించడం నా వల్ల కాలేదు.

దారి చూపించింది రికార్డుల గదిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. "వాళ్ళు అబద్ధం చెప్పలేదు బాబూ. రాజకీయ ఖైదీ అని తెల్లవాడు ఒప్పుకుంటేగా రిజిస్టరు ఉండటానికి! సెక్షన్ పెట్టి అడుగు, తాలూకా పెట్టి అడుగు" అన్నారు. తర్వాత చదివితే విషయం అర్థమైంది. 1930 నుంచి ఖైదీలను ఎ, బి, సి క్లాసులుగా విడదీశారు. దేనికోసం జైలుకొచ్చాడన్నది కాదు, చదువు, హోదా, బయట బతికిన తీరు చూసి క్లాసు ఇచ్చేవారు. తాతయ్యలాంటి వాళ్ళు సి క్లాసులో, దొంగతనం చేసి వచ్చినవాళ్ళ పక్కనే పడుకున్నారు. రిజిస్టర్లోనూ వాళ్ళ పక్కనే ఉన్నారు. దేశాన్ని ఆక్రమించుకున్నవాడు, ఎదురు తిరిగినవాణ్ణి నేరస్థుడని రాసుకున్నాడు. ఎనభై ఏళ్ళ తర్వాత మనం వెతకాల్సింది ఆ రాతలోనే. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఇప్పటికీ.

ఈసారి దరఖాస్తులో రాజకీయం ఊసెత్తలేదు. 1942 ఆగస్టు నుంచి మరుసటి మార్చి దాకా తెనాలి తాలూకా నుంచి శిక్షపడి వచ్చినవాళ్ళ కన్విక్ట్ రిజిస్టరు చూస్తాను, ఇన్‌స్పెక్షన్‌కి అనుమతి ఇవ్వండి అని రాశాను. దీనికి జవాబే రాలేదు. ఫస్ట్ అప్పీలు వేశాక పిలుపొచ్చింది.

అట్టలు ఊడిన పెద్ద పుస్తకం. పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఇంటిపేరు పొడి అక్షరంగా మారింది, పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో గుర్తుపట్టలేనట్టు ఉంది. తండ్రి పేరు, ఊరు పట్టుకుని ఆయన్ని పట్టుకున్నాను. సెక్షన్లు 147, 435. అంటే అల్లరి మూకలో ఉండటం, నిప్పు పెట్టి నష్టం చేయడం. శిక్ష కఠిన కారాగారం. బదిలీ, బళ్ళారి అల్లీపురం జైలుకు. లోపలికి వచ్చినప్పటి బరువు, విడుదలైనప్పటి బరువు పౌండ్లలో రాసి ఉన్నాయి. ఇరవై పౌండ్లకు పైగా తగ్గారు. అక్కడే కాసేపు ఆగిపోయాను.

సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాక అత్తయ్యకి చదివి వినిపించాను. సెక్షన్ల దగ్గర ఆవిడ ముఖం మారింది. "ఒరే, నాయన్ని దొంగల్లో రాశారేంట్రా!" అంది. గుర్తింపు చిహ్నాల దగ్గర 'కుడి చెవి కింద పుట్టుమచ్చ' అని చదవగానే, "ఆఁ, ఆయనే" అంటూ కాగితం లాక్కుంది. ఇప్పుడది ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టించింది, ఆ సెక్షన్లతో సహా.

అదే పేజీలో, ముందూ వెనకా పేజీల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంకా ఉన్నారు, అవే సెక్షన్ల కింద. వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలా జైలుకెళ్ళినవాళ్ళుంటే ఆయన తండ్రి పేరు, అప్పటి తాలూకా, పట్టుకెళ్ళిన నెల, ఒంటిమీద మచ్చలు, ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్ళని ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. రిజిస్టర్లో మనిషిని పట్టించేవి అవే.